పైన పెట్టిన చేప

మొన్న మంగళవారం పొద్దున్న మా చేపలత్త నెంబరు నుంచి ఫోన్ వచ్చింది. ఆవిడ ఫోన్ చేస్తే నేను ఏనాడూ నా సొంత గొంతుతో ఎత్తిన పాపాన పోలేదు. ఒకరోజు కరెంటు ఆఫీసు, ఒకరోజు బ్యాంకు మేనేజరు, ఒకరోజు కాలం చేసిన ఆవిడ మొగుడు. ఆ రోజు పోలీసు వంతు. గొంతు బరువు చేసి, "స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాం, ఎవర్రా నువ్వు?" అన్నాను.

అవతల్నుంచి ఆవిడ కొడుకు, "బావా, నాను. అమ్మ పోనాది" అన్నాడు.

పోలీసు గొంతులోంచి నా గొంతులోకి రావడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఆవిడ నాకు రక్తసంబంధం కాదు. పూడిమడక నుంచి పొద్దున్నే ఆటో ఎక్కి అనకాపల్లి వచ్చి, మా వీధిలో గంపతో చేపలు అమ్ముకునే మనిషి. మా అమ్మని వదినా అని పిలిచేది కాబట్టి నాకు అత్త అయింది. ఇక నేను, వీధి మొదట్లో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేసే కొట్టువాణ్ణి. పదో తరగతి రెండుసార్లు రాశాను, రెండుసార్లూ మాస్టార్ల మాట నిలబెట్టాను. చదువు రాలేదు గానీ గొంతులు వచ్చాయి. ఎవరు మాట్లాడినా రెండుసార్లు వింటే చాలు, మూడోసారి వాళ్ళ పెళ్ళాన్ని నేనే పిలవగలను.

అత్త తొమ్మిదింటికి వచ్చేది. నేను ఎనిమిదిన్నరకే మలుపు దగ్గర నిలబడి, ఆవిడ గొంతుతో "సేపలమ్మో... సేపల్!" అని సాగదీసి అరిచేవాణ్ణి. ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవారు. గోడల మీద నుంచి పిల్లులు దూకేవి. నన్ను చూశాక ఆడవాళ్ళు తిట్టేవారు, పిల్లులు ముఖం తిప్పుకుని పోయేవి. అత్త వచ్చాక సంగతి తెలిసి, "ఒరే సచ్చినోడా, నా గొంతెత్తుకుపోతే పోనావు, రేటైనా అడిగేవేట్రా?" అనేది.

ఆవిడకి ఒక అలవాటుండేది. చేపలమ్మే ఏ మనిషైనా మెరిసేవి పైన పేర్చి, మెత్తబడ్డవి కిందకి తోస్తుంది. ఈవిడ తిరగేసి పేర్చేది. గంపలో కాస్త కన్ను లోపలికి పోయిన చేప ఏదుంటే అది అన్నిటికన్నా పైన ఉండేది. గంప దింపగానే దాన్నే చేత్తో ఎత్తి చూపించేది. "ఇది బాగా నేదమ్మా, పిల్లులకెడతాను. మిగతాయి సూసుకోండి."

"ఇలాగైతే ఎవరు కొంటారత్తా?" అని అడిగాను ఒకసారి.

"పాడైందాన్ని కింద పెడితే ఏటవుద్దిరా? దాని నీరు మిగతా ఆటికి అంటుద్ది. పైనుంటే అదొక్కటే పోద్ది."

అప్పుడది నాకు చేపల సంగతే అనిపించింది.

ఇక నా సంగతి. ఒకరోజు మా కొట్టు ముందు నలుగురున్నారు. ఆవిడ గంప దించుకుని మంచినీళ్ళు తాగుతూ, "ఈడు మిక్సీ బాగుసేత్తే సెట్నీ రాదర్రా, సైరనొత్తాది" అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఊరందరినీ ఏడిపించే నాకు ఆ ఒక్క మాట మాత్రం మేకులా దిగింది. మధ్యాహ్నం ఖాళీగా కూర్చుని, ఫోన్ తీసి, ఎవరో పెద్ద అధికారి గొంతుతో ఒక మెసేజి రికార్డు చేశాను. "గంపల్లో తెచ్చి అమ్ముతున్న చేపలకి, శవాలు పాడవకుండా వాడే మందు కొడుతున్నారు. కాబట్టి ప్రజలు కొనవద్దు." మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టి, రేపు అత్త ముఖం ఎలా ఉంటుందా అని నవ్వుకుంటూ అన్నం తిన్నాను.

పగ లేదు, ద్వేషం లేదు. ఒక్క నవ్వు తిరిగి అప్పచెప్పాలనుకున్నాను, అంతే. చెడ్డపని చేసేవాడికి కోరలుంటాయని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ రోజు నేను పెరుగన్నం తింటూ ఉన్నాను.

సాయంత్రానికి ఎక్కడో దూరాన నాతవరం నుంచి మా బావమరిది నాకే నా మెసేజి పంపాడు. కింద "జాగ్రత్త బావా" అని రాశాడు. ఆ గొంతు నాదని వాడికీ తెలియలేదు. గ్రూపులోంచి తీసేశాను. అప్పటికే అది నా చేతుల్లో లేదు.

మర్నాడు అత్త అరిచింది. ఒక్క గిన్నె బయటికి రాలేదు. వీధి చివరిదాకా వెళ్ళి అదే బరువుతో తిరిగొచ్చింది. ఆవిడతో ఆటోలో వచ్చే మిగతా ఆడవాళ్ళదీ అదే గతి. రెండో వారానికి పచ్చి చేపలు సగం తగ్గించి, ఎండు నెత్తళ్ళు కూడా తెచ్చింది. అవీ కొనలేదు. పిల్లులు మాత్రం ఏ మెసేజీ నమ్మలేదు.

నేను చెప్పలేదు. చెబుదామని లేచేవాణ్ణి, ఏదో మిక్సీ ముందేసుకుని కూర్చునేవాణ్ణి. మూడో వారం ఒక మధ్యాహ్నం ఆవిడ మా గుమ్మంలో గంప దించి, నీళ్ళు తాగి, చెంబు బోర్లించింది. ఎప్పుడూ బోర్లించేది కాదు.

"రేపటాల నుంచి రానురా అల్లుడా. రొయ్యల కంపెనీలో తలకాయలు తియ్యడానికి పిలుత్తన్నారు."

ఐసు నీళ్ళలో చేతులు పెట్టి రోజంతా నిలబడే పని అది. ఆవిడకప్పటికే వేళ్ళు వంకర్లు తిరిగాయి. పైగా ఆ మనిషి నోరు మూసుకుని ఒక్కచోట నిలబడితే వారం బతకదు. గంపలోకి చూశాను. పైన ఎప్పటిలాగే ఒక మెత్తబడ్డ చేప.

"అత్తా, ఆ మెసేజిలో గొంతు..."

"నీదే."

"తెలుసా?"

"మొదటి రోజే ఎరికే. ఎంత ఆపీసరువైనా 'కాబట్టి' అన్నకాడ ముక్కుతో అన్నావు. సిన్నప్పట్నుంచీ అంతే గదా."

"మరి నన్నడగలేదేం?"

"నీ గంపలో పాడైందాన్ని నానొచ్చి తీసి పైన ఎడతానేట్రా? నువ్వే ఎట్టాల."

అప్పుడు మొదలుపెట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాస్తే ఇది అచ్చు కాదు. నా పుట్టుక దగ్గర మొదలై, మా మిక్సీల పుట్టుక దాకా వెళ్ళింది. పక్క కొట్టువాళ్ళు లేచి నిలబడ్డారు. అయ్యాక కొంగుతో మూతి తుడుచుకుని, తలమీది చుట్టకుదురు తీసి నా నెత్తిన పెట్టింది.

"లే. గంపెత్తు. నోటితో పోగొట్టేవు, నోటితోనే తే."

అలా నేను గంపెత్తాను. చేపల నీళ్ళు మెడ మీదుగా చొక్కాలోకి కారుతుంటే, ఇంటింటి ముందూ ఆగి, నా సొంత గొంతుతో "ఆ మెసేజి నాదేనమ్మా, అది అబద్ధం" అని చెప్పాను. సొంత గొంతు ఎంత సన్నగా ఉంటుందో నాకప్పుడే తెలిసింది. మళ్ళీ మెసేజి పెడితే సరిపోదా అనుకుంటారేమో, అదీ పెట్టాను. మొదటిది నాతవరం దాకా వెళ్ళింది. రెండోది మా వీధి మలుపు దాటలేదు. అందుకే నడవాల్సి వచ్చింది, ఆవిడ నడిచే వీధులే కాదు, ఆవిడతో వచ్చేవాళ్ళు నడిచే వీధులు కూడా.

"సిగ్గునేదేటయ్యా, ఆడకూతురి కూటి మీద కొట్టేవు?" అని ఒకామె అడిగింది.

"ఉందమ్మా, ఇదిగో మోస్తున్నాను" అన్నాను. ఆమె నవ్వలేదు. గిన్నె తెచ్చింది. మా ఇంటావిడైతే మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడాక ఆ మూడు రోజులే నయమనిపించింది.

నెలపైనే తిరిగాను. గంప తేలికవుతూ వచ్చింది. రొయ్యల కంపెనీ మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు. ఒకరోజు ఖాళీ గంపతో ఆటో స్టాండుకి నడుస్తుంటే అడిగాను, "అత్తా, నేను చెడ్డోణ్ణా?"

"పొద్దున్న మంచి సేప, మజ్జానానికి పాడు సేప. రెండూ ఒకటే సేప గదరా. మద్దెన ఐసు అందాల, అంతే."

కాసేపు నడిచాక తనే చెప్పింది. పెళ్ళైన కొత్తలో ఆవిడా అందరిలాగే మెత్తబడ్డవి కింద పెట్టేదట. ఒక ఇంట్లో అవి తిని చిన్నపిల్ల రెండు రోజులు కళ్ళు తేలేసింది. బతికింది. ఆ తల్లి మాత్రం ఈవిడ మీద అనుమానపడలేదు, తనే సరిగా ఉడకబెట్టలేదని ఏడ్చింది. "ఆయమ్మ ఏడుత్తంటే నాను పక్కన నిలబడి ఓదార్చేనురా. నానే ఓదార్చేను. అది మాత్రం నాకిప్పటికీ అరగనేదు." పైన పెట్టే అలవాటు ఆ మర్నాటి నుంచి వచ్చిందట. ఆ తల్లికి మాత్రం ఎప్పుడూ చెప్పలేదట. "నీకన్న నాను పిరికిదాన్ని" అంది.

అంత తిట్టిన మనిషి నన్ను వేళాకోళాలు మానమనలేదు. ఒక వారం నేను బుద్ధిమంతుడిలా కూర్చుంటే, "ఏట్రా, జ్వరమా?" అంది. "నవ్వించు. కాకపోతే నవ్వుతున్నోళ్ళనే సూడకు, నవ్వనోళ్ళెవరో కూడా సూడు." అప్పటినుంచి ఏ వేళాకోళమాడినా చుట్టూ ఒకసారి చూస్తాను. సగం వేళాకోళాలు అక్కడే ఆగిపోతాయి. మిగతా సగం కొనసాగుతున్నాయని మనవి.

నన్ను బడిలో కొట్టారు, ఇంట్లో కొట్టారు, ఒకసారి రైల్వే ప్లాట్‌ఫాం మీద కూడా కొట్టారు. నేను చేసిన తప్పుని నా నెత్తినే పెట్టి, పక్కన నడిచింది మాత్రం ఆవిడొక్కతే. ఆ నడక నాకు దక్కింది. ఇంతకన్నా ఏం కావాలి?

మంగళవారం ఆ ఫోన్ రాగానే పూడిమడక వెళ్ళాను. ఆవిడని సాగనంపి వచ్చాను. మర్నాడు తొమ్మిదింటికి కొట్టు తెరవబోతూ మలుపు దగ్గర ఆగాను. ఎందుకో తెలియదు, నోరు తెరిస్తే ఆవిడ గొంతు వచ్చింది. "సేపలమ్మో... సేపల్!"

తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు గిన్నెలతో గుమ్మాల్లోకి వచ్చారు. కబురు అందరికీ తెలుసు, అయినా వచ్చారు. నన్ను చూశారు. ఒక్కరూ తిట్టలేదు. గిన్నెలు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

గోడ మీద నుంచి నల్లపిల్లి దూకింది. ఆవిడ రోజూ గంప దింపే చోటికి వెళ్ళి కూర్చుని, తలెత్తి, నా నెత్తి మీదకి చూస్తూ ఉండిపోయింది.