బావ సన్నాయి ఆగిన సంగతి

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. డోలు మోసేవాణ్ణి, బరువంటే ఏమిటో నాకు తెలుసు. డోలు దించితే భుజం తేలికవుతుంది. ఇది దిగలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాది తల్లాడ దగ్గర పెళ్లి మేళం. మేళానికి పెద్దని నేనే. నా దరువుకు వంక పెట్టేవాడు వేంసూరు నుంచి భద్రాచలం దాకా ఇంకా పుట్టలేదు. సన్నాయి మా అక్క భర్త ముత్తయ్య బావది. నిజం చెప్పాలంటే జనం మమ్మల్ని పిలిచేది ఆ సన్నాయి కోసమే.

ఓ ఏడాది బావ ఎడమ దవడ ఉబ్బడం మొదలైంది. నొప్పి లేదు. ఊదేవాడి బుగ్గ ఉబ్బక ఏమవుతుందని మేళమంతా నవ్వాం. ముందు నవ్వింది నేనే. తర్వాత కింది పళ్లు కదిలాయి. సన్నాయి ఊదే పీక పెదవి మీద నిలవక జారిపోయేది. ఖమ్మంలో పళ్ల డాక్టరుకు చూపించాను. ఎక్స్‌రేలో దవడ ఎముక లోపల సబ్బు నురగలా బుడగలు. బావను బయట కూర్చోబెట్టి, ఇది క్యాన్సర్ కాదు గానీ ఊరుకుంటే ఎముకను తింటూ పెరుగుతుందని, ఇప్పుడైతే చిన్న ఆపరేషన్‌తో దవడ దక్కుతుందని, వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లమని ఆయన నాకు విడమరచి చెప్పాడు.

బస్టాండులో బావ అడిగాడు.

“ఏమన్నడు రా డాక్టరు?”

“ఏం లేదు బావా. పండ్లు కదిలినయ్, గంతే. గోలీలిచ్చిండు.”

“మరి పెదవి మొద్దుబారుతున్నది గదరా?”

“ఊదీ ఊదీ గట్లయింది. జల్దీ తగ్గుతది తీ.”

మాఘమాసం ముందుంది. పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నాం. క్యాన్సర్ కాదన్నాడుగా, రెండు నెలల్లో కొంపలేం మునుగుతాయి అనుకున్నాను. శ్రావణం వచ్చింది. మళ్లీ మాఘం వచ్చింది. ఎందుకు చెప్పలేదు? డబ్బు ఆశా? కాదు. బావ పక్కన లేకపోతే నా డోలు ఎవరూ వినరని నాకు తెలుసు, ఆ మాట ఒప్పుకోవడానికి నా పొగరు అడ్డొచ్చింది.

అన్నం నమలలేని స్థితి వచ్చాక హైదరాబాద్ తీసుకెళ్లాను. ఎడమవైపు దవడ తీసేసి కాలి ఎముకతో అతికారు. ప్రాణభయం లేదన్నారు. సన్నాయికి మాత్రం ఇక పెదవి కుదరదు. ఇప్పుడు బావ మేళంలో తాళం వేస్తాడు. ఊదేది వేరే ఊరాయన.

ప్రతి పెళ్లిలో ఎవరో ఒకరు బావ ముఖం చూసి అడుగుతారు. బావ నా భుజం మీద చెయ్యేసి, “మా బామ్మర్ది టైముకు పట్నం తీసుకపోబట్టి బతికిన” అంటాడు. వాళ్లు నన్ను మెచ్చుకుంటారు. నేను తలూపుతాను.

టైముకు తీసుకెళ్లలేదు. ఏడాది పైన తెలిసే దాచాను. బావ సన్నాయిని ఆపింది నేను. క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు క్షమించేది కూడా కాదు. ఇదిగో, రాశాను.