షేరు గిన్నె ఖాళీ చేసిందెవరు?

ఒక కుక్కకు తిండి మార్చబోయి నేను ఇంట్లో అత్తాకోడళ్ల యుద్ధం తెచ్చాను. దుబాయిలో ఉన్న మొగుడికి మనశ్శాంతి లేకుండా చేశాను. ఆఖరికి వడ్రంగిని పిలిపించాను. కుక్క తిండికీ వడ్రంగికీ ఏం సంబంధమని అడక్కండి. అక్కడికే వస్తున్నాను.

మాది లక్సెట్టిపేట. మా ఆయన మల్లేశ్ దుబాయిలో క్రేన్ నడుపుతాడు. ఒకసారి సెలవుకు వచ్చినప్పుడు, ఇంట్లో ఆడవాళ్లమే ఉంటున్నామని, మా రక్షణ కోసం పెద్ద జాతి కుక్కపిల్లను తెచ్చాడు. పేరు షేరు. తెచ్చిన రోజు చేటలో పట్టింది. చూస్తుండగానే లేగదూడంత అయింది. అది సంతోషంతో తోక ఊపితే దండెం మీది బట్టలు కిందపడేవి. ధైర్యం మాత్రం ఆవగింజంత. కుక్కర్ కూతేస్తే మంచం కింద దూరబోయేది. పాపం, తల ఒక్కటే పట్టేది.

దాని తిండి బస్తాలో వచ్చేది, మంచిర్యాల నుంచి. గోధుమరంగు గోలీల్లాంటి గింజలు. మా ఇంట్లో అందరికంటే ఖరీదైన భోజనం దానిదే. "బస్తా తిండి తప్ప ఇంకోటి పెట్టకుండ్రి" అని మల్లేశ్ ప్రతి ఫోన్‌లోనూ చెప్పేవాడు. మా యోగక్షేమాలు ఆ తర్వాత అడిగేవాడు.

ఒకనాడు బస్తా అయిపోయింది. అప్పుడే నాకు డబ్బు మిగిల్చే ఒక గొప్ప ఆలోచన వచ్చింది. నాకు గొప్ప ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుంది, అది వేరే సంగతి. ఊళ్లో కుక్కలన్నీ గటక తిని బతకడం లేదా? నూకలు, జొన్నరవ్వ కలిపి పెద్ద గంజులో గటక వండాను. పైన బొక్కల చారు, అదే ఎముకలు ఉడికించిన రసం, పోశాను. మల్లేశ్‌కు చెప్పలేదు. పొద్దున్నే చేనుకు పోయే మా అత్తమ్మకూ చెప్పలేదు. ఆమెకు చెబితే దుబాయికి చెప్పినట్టే. ఖాళీ బస్తాలో గడ్డి కుక్కి, వీడియో కాల్‌లో కనపడేటట్టు గోడకు నిలబెట్టాను. చూశారా నా తెలివి!

షేరు గిన్నెను వాసన చూసింది. తర్వాత నన్ను చూసింది, బ్యాంకులో క్యాషియర్ దొంగనోటును చూసినట్టు. లేచి మూలకు పోయి పడుకుంది. 'ఆకలైతే అదే తింటుందిలే' అని నేను స్నానానికి పోయాను. వచ్చేసరికి గిన్నె తోమినట్టు మెరుస్తోంది!

అప్పటి నుంచి రోజూ అదే తంతు. నేను నిలబడితే ముట్టదు. నేను అటు పోతే గిన్నె ఖాళీ. పెద్దింటి కుక్క కదా, గటక తింటుంటే ఎవరైనా చూస్తారని సిగ్గేమో అనుకున్నాను. పైగా దాని ఒళ్లు నిగనిగలాడసాగింది. మల్లేశ్‌కు అక్కడే అనుమానం మొదలైంది.

"రజితా, వీని ఒళ్లు నూనె రాసినట్టు మెరుస్తుంది. ఏం పెడుతున్నవే?"

"నువ్వు చెప్పిందే. గా బస్తా తిండే."

"మరి గా బస్తా ఎన్నడు సూసినా నిండుగనే ఉంటదేంది?"

"కొత్తది తెచ్చిన."

"గింత జల్దినా?"

సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేశాను.

ఇక్కడ మా అత్తమ్మ కోళ్ల గురించి చెప్పాలి. సుల్తానాబాద్‌లో మా ఆడబిడ్డ బాలింత. ఆమెకు బుట్టెడు నాటుకోడి గుడ్లు తీసుకుపోవాలని అత్తమ్మ ఆశ. బుట్ట మాత్రం నిండదు.

"రజితా, గూట్ల గుడ్లు ఏడవోయినయి?"

"నాకేం ఎరుక అత్తమ్మా? కోళ్లు పెట్టలేదేమో."

"పెట్టకుంటే గంతగనం ఎందుకు ఒర్రినయి? కోళ్లు అబద్ధమాడుతయా? సూడు, ఎట్ల బలిసినయో! గింత బలిసిన కోడి గుడ్డు పెట్టదా?" అని నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వు గూడ జర ఒళ్లు చేసినవ్."

నాకు ఒళ్లు మండింది. ఆమెకు ఇంకా తృప్తి కలగలేదు.

"ఏదీ, జర నోరు తెరువు."

"ఎందుకు?"

"వాసన సూస్త."

చెప్పండి, పెళ్లై ఇన్నేళ్లైన కోడలి నోరు ఏ అత్తైనా వాసన చూస్తుందా? నేనూ తక్కువ తినలేదు. నా మీద నింద వేయడానికి ఆమే గుడ్లు దాస్తోందని తేల్చుకున్నాను. ఆమె చేనుకు పోతుంటే సద్దిమూట విప్పి చూశాను. ఆమె నా వంటింట్లో పెంకుల కోసం చెత్తబుట్ట కెలికింది. నేను ఆమెను కాస్తున్నాను, ఆమె నన్ను కాస్తోంది. షేరును ఎవరూ కాయడం లేదు. అది గడపలో పడుకుని ఒకసారి ఆమెనూ ఒకసారి నన్నూ చూసేది, జాలిగా.

చివరికి అత్తమ్మ కొడుకుకు ఫోన్ చేసింది. "నీ పెండ్లాం బాలింత నోటికాడి గుడ్లు మింగుతుంది. ఇగ నేనీడ ఉండ. బిడ్డ దగ్గరికే పోత" అని సంచి సర్దుకుంది. నవ్వులాట పక్కన పెడితే, ఆ మాటకు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆ సంచి గుమ్మంలో కనపడినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకునేదాన్ని.

సెలవు రోజున మల్లేశ్ వీడియో కాల్‌లో పంచాయితీ పెట్టాడు. వాకిట్లో నీళ్ల బిందెకు ఫోన్ ఆనించి, చెరోపక్క కూర్చున్నాం.

"ఈమె తిన్నది!"

"నేను తినలే! నువ్వే దాస్తున్నవ్!"

"ఆగుండ్రి, ఆగుండ్రి" అన్నాడు మల్లేశ్. "మీ ఎనక ఉన్నది షేరు గిన్నెనే కదా?"

"అవు."

"మరి దాంట్ల కోళ్లెందుకున్నయి?"

వెనక్కి తిరిగి చూశాం. కోళ్లన్నీ గిన్నె చుట్టూ పెళ్లి బంతిలో కూర్చున్నట్టు కూడి, తలెత్తకుండా తింటున్నాయి.

"గది గటకనా? బస్తా తిండి ఏదే రజితా?"

నేను కొంగుతో కోళ్లను అదిలించబోయాను. అంతలో ఆయనే, "ఇంతకు షేరుగాడు ఏడుండు? షేరూ!" అని పిలిచాడు.

జవాబు కోళ్ల గూట్లోంచి వచ్చింది. చెక్కల గూడు. దాని తలుపులోంచి బయటికి ఒక పెద్ద నడుము, ఊగుతున్న తోక. యజమాని గొంతు విన్న ఆనందంలో షేరు వెనక్కి గుంజుకుంది. తల రాలేదు. గూడు వచ్చింది. గూటిని మెడకు తగిలించుకుని అది ఫోన్ వైపు పరుగెత్తింది.

"ఓయమ్మో, గూడు నడుస్తుందే!" అని అత్తమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. కోళ్లు చెట్టెక్కాయి. బిందె దొర్లింది. ఫోన్ వెల్లకిలా పడింది. దుబాయిలో మల్లేశ్‌కు ఆకాశం తప్ప ఏమీ కనపడటం లేదు. "ఏమైందే? ఎవలన్న చెప్పుండ్రి!" అని అరుస్తూనే ఉన్నాడు.

వడ్రంగి వచ్చి గూడు కోశాడు. బయటికొచ్చిన ముఖానికి చెవుల దాకా గుడ్డు సొన. గటక కోళ్లకు పెట్టి, కోళ్ల గుడ్లు తాను తింటూ, మా షేరు ఎంత పద్ధతిగా బతికిందో! దాన్ని చూపిస్తే మా ఊరి పశువుల డాక్టర్ తల పట్టుకుని, "తిండి ఒక్కసారే మార్చద్దమ్మా. పాతదాంట్ల కొత్తది కొంచెం కొంచెం కలుపుకుంట పోవాలె" అన్నాడు.

అత్తమ్మ క్షమాపణ చెప్పలేదు. "గా సంచి జర లోపల పెట్టు" అంది. నాకు అది చాలు.

మర్నాడే బస్తా వచ్చింది. గటక మానేశాను. కొద్ది రోజులకే కోళ్లు వంటింటి గుమ్మంలో బైఠాయించాయి. గుడ్లు తగ్గాయి.

"రజితా, గటక ఒండలేదా?"

"గది కుక్కకు ఒండింది కదా అత్తమ్మా!"

"ఎవలకు ఒండితేంది, తిన్నది కోళ్లే కదా? బిడ్డకు గుడ్లు పంపాలె. ఒండు."

ఇప్పుడు మా ఇంట్లో కుక్కకు బస్తా, కోళ్లకు రోజూ గంజెడు గటక. అందుకే అందరి ముందూ ఒట్టేసి చెబుతున్నాను: నా ఊపిరి ఉన్నంతవరకు ఏ జీవి తిండిలోనూ పొదుపు చేయను. చేయి చాచి ప్రమాణం చేసేదాన్నే, గరిటె వదిలితే గటక అడుగంటుతుంది.