అయిదో నంబరు ఎటు వెళ్ళాడంటే

పద్నాలుగేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. మామూలు బరువు కాదు. విమానంలో దానికి వేరే టికెట్టు అడగకపోవడం నా అదృష్టం. ఇంట్లోవాళ్ళకి చెప్పలేదు, స్నేహితులకి చెప్పలేదు. మీరు నాకు ఎదురుపడే ప్రమాదం లేదు కనక మీకు చెబుతున్నాను. నవ్వుకోండి. కానీ చివరిదాకా వినండి.

న్యూకాసిల్‌లో మాస్టర్స్ చేసే రోజుల్లో నేను కాలేజీ ఫుట్‌బాల్ మూడో జట్టులో ఆడేవాణ్ణి. మొదటి రెండు జట్లూ వద్దన్నవాళ్ళందరికీ అది ధర్మసత్రం. నాది రక్షణ వరసలో కుడి చివర. నా పక్కన, నడుమ, అయిదో నంబరు చొక్కాతో సత్తన్న. కరీంనగర్ మనిషి, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. నేను రైలు దిగిన రోజున స్టేషన్‌కి వచ్చి, ఏనుగు గున్నల్లాంటి నా రెండు సూట్‌కేసులూ తనే మోశాడు. జీపీ దగ్గర, అంటే అక్కడి పేట డాక్టరు దగ్గర, నా పేరు రాయించాడు. ఫ్లాట్‌లో వంట రోటాలో నా వంతు వచ్చినప్పుడల్లా నాకు అసైన్‌మెంట్ జ్వరం తగులుకునేది. పప్పు మాత్రం వేళకి ఉడికేది. ఎవరు వండారని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే కృతజ్ఞత చెప్పాల్సి వస్తుందని భయమేమో.

మైదానంలోనూ అదే రోటా. ఎదుటి జట్టువాడు నన్ను దాటిపోయేవాడు. దాటిపోవడమంటే, నేను వెనక్కి తిరిగి చూసేసరికి స్కాట్లండ్ సరిహద్దులో ఉండేవాడు. నేను "అన్నా!" అని కేక పెట్టేవాణ్ణి. సత్తన్న తన చోటు వదిలి, అడ్డంగా ఉరికొచ్చి, బురదలో జారి బంతిని బయటికి తన్నేసేవాడు. ఒక్కోసారి అందేది కాదు. అతను వదిలొచ్చిన ఖాళీలోంచి గోల్ పడేది.

సీజన్‌లో ఒక్క మ్యాచ్ మిగిలింది. సత్తన్న చదువు అయిపోవచ్చింది. కాలేజీ తరఫున అదే అతని ఆఖరి ఆట. చదువుకుంటూనే పనిచేసే గోదాములో షిఫ్టు మార్చుకున్నాడు, ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు. అప్పుడు కోచ్ నన్ను పిలిచాడు. నేను చదివేది డేటా కదా, అందుకని అయిదు మ్యాచ్‌ల వీడియోలు చేతిలో పెట్టి, మన రక్షణలో బలాలేమిటో లోపాలేమిటో రాసుకు రమ్మన్నాడు. రెండు పేజీలు చాలన్నాడు. నేను పంతొమ్మిది రాశాను. బాణాలు, రంగులు, పట్టికలు. కోటల్ని ముట్టడించిన రాజులు కూడా అంత కాగితం ఖర్చుపెట్టి ఉండరు.

బలాలు: గోల్‌కీపర్ చేతులు, మావాళ్ళు తలతో ఆడే తీరు, ఎడమ చివరివాడి ఓపిక. అన్నీ నిజాలే. లోపం దగ్గర చెయ్యి ఆగింది. వీడియోల్లో ఏడు గోల్స్ ఒకేలా పడ్డాయి: అయిదో నంబరు తన చోట లేడు. ఎందుకు లేడు? కొంచెం వెనక్కి తిప్పితే నేను చతికిలబడి కనిపిస్తాను. దూరంగా, చీమంత. నా నోరు తెరుచుకుంటుంది. కానీ వీడియోలకి శబ్దం లేదు. ఆ కేక ప్రపంచం మొత్తంలో నాకొక్కడికే వినిపిస్తోంది. వినిపించిందా? వినిపించింది. మరి రాశానా?

"అయిదో నంబరు తరచూ తన స్థానం వదిలి వెళ్తున్నాడు" అని రాశాను. ఒక్క అక్షరం అబద్ధం కాదు. అబద్ధమే అయితే ఎప్పుడో మర్చిపోయి ఉండేవాణ్ణి.

ఆ మ్యాచ్‌కి సత్తన్నని బెంచీ మీద కూర్చోబెట్టారు. మా మీద నాలుగు గోల్స్ పడ్డాయి, నాలుగూ నా వైపు నుంచే. అలవాటుగా "అన్నా!" అన్నాను. అతను బెంచీ మీంచి సగం లేచాడు. ఆ సగం లేవడం నాకింకా కనిపిస్తుంది.

ఆట అయ్యాక ఫ్లాస్కుతో వచ్చి చాయ్ పోసిచ్చాడు.

"కోచ్ సూపెట్టిండు తమ్మీ, నువ్వు రాసింది. పుస్తకమే రాసినవ్ గదరా!"

"అది కాదన్నా..."

"అరె, మంచిగ రాసినవ్. జాగ ఇడిశిపెట్టి ఉర్కుతున్న అని నాకే తెల్వకపాయె. ఇన్నొద్దులల్ల ఎవ్వలు చెప్పలే. నువ్వు చెప్పినవ్. తాగు, సల్లారుతది."

తాగాను. నోరు తెరిచి ఏమన్నాను? "చక్కెర తక్కువైంది" అన్నాను.

ఇప్పుడిద్దరం లండన్ దగ్గర బ్రాక్‌నెల్‌లోనే ఉంటున్నాం. నాకిక్కడ ఉద్యోగం చూపించిందీ అతనే. ఆదివారం పొద్దున్నే సత్తన్న పిల్లల జట్టుకి ఆట నేర్పుతాడు. అందులో మా అమ్మాయిది కుడి చివర. ఆట నా పోలికే, పాపం. మొన్న ఎదుటి జట్టు పిల్ల దాన్ని దాటిపోయింది. నడుమ ఆడే అమ్మాయి సాయానికి రెండడుగులు వేసింది. "స్టే ఇన్ యువర్ ప్లేస్!" అని సత్తన్న అరిచాడు. ఆ పిల్ల ఆగిపోయింది. మా అమ్మాయి ఒక్కతే పరిగెత్తింది. నా పంతొమ్మిది పేజీలు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి.

నాకు తెలియకుండానే "అన్నా!" అన్నాను. ఆట ఆటలా వదిలేసి, మైదానం అంచు పొడుగునా ఉరికొచ్చాడు. "ఏమైంది తమ్మీ?" అన్నాడు రొప్పుతూ. ఏమీ లేదన్నాను.

లేకపోవడమేమిటి? అతను క్షమిస్తాడో లేదో తెలీదు. క్షమించేసి మళ్ళీ చాయ్ పోస్తాడేమోనన్నదే అసలు భయం. మోసిన సూట్‌కేసులకీ, ఉడికిన పప్పుకీ, బురదలో చెక్కుకుపోయిన మోకాళ్ళకీ చెప్పాల్సిన కృతజ్ఞతంతా ఆ ఒక్క వాక్యం వెనకే ఇరుక్కుపోయింది. అందుకని ఆనాడు రాయని ఇరవయ్యో పేజీ ఇప్పుడు రాస్తున్నాను. బాణాలు లేవు, రంగులు లేవు.

అయిదో నంబరు తరచూ తన స్థానం వదిలి వెళ్ళాడు. నేను పిలిస్తే వెళ్ళాడు. పిలిచిన ప్రతిసారీ వెళ్ళాడు.