నలభై ఒక్క వేలిముద్రలు

2023 మే నెల. ఆదోని వైపు ఒక ఊరి గ్రంథాలయంలో ఆ ఉదయం ఉన్నవి: స్కానర్ ఒకటి, లాప్‌టాప్ ఒకటి, తిరగని ఫ్యాను ఒకటి, గ్రంథపాలకుడు మస్తాన్‌గారు, నేను, డెబ్బై దాటిన మారెమ్మ, ఆమె ఒడిలో పాత చీర గుడ్డలో చుట్టిన అర్జీ.

దళితులు హక్కుల కోసం పెట్టుకున్న అర్జీలను ఊరూరా స్కాన్ చేసి, కర్నూలు, కడప గ్రంథాలయాల్లో ఎవరైనా పేరుతో వెతికి చూసుకునేలా పెట్టడం మా పని. ప్రతి బొమ్మకూ ఎవరిది, ఎప్పటిది, ఎక్కడిది అనే వివరాలు జతచేస్తాం. వాటిని మెటాడేటా అంటాం.

“ఏమప్పా, ఒక్క కాగితానికి ఇంత సామానా?” అంది మారెమ్మ.

“నీ కాగితానికి మర్యాద జేస్తాండాడులే అవ్వా,” అన్నారు మస్తాన్‌గారు.

ఊరి బావిలో తమనూ నీళ్లు తోడుకోనివ్వమని నలభై ఏళ్ల కిందట పై అధికారులకు పెట్టిన అర్జీ అది. రెండో ప్రతి మారెమ్మ ఇంట్లో ఉండిపోయింది. ఆమె భర్త ఈరన్న భయపడి వేలిముద్ర వేయలేదని వాడలో ఇప్పటికీ అంటారు.

“నా కొడుకును గూడా పిరికోని కొడుకంటాండారు. ఆయన ముద్ర ఉండాది, ఏసేటప్పుడు నేను పక్కనే ఉండా. చూపించప్పా.”

గుడ్డ విప్పాను. ముద్రలు నలభై ఒకటీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. పక్కన పేర్లు రాసిన ఎడమ అంచు లేదు.

“చినిగిపోతాదని ఆ అంచుకు నేనే మైదా ఉడికిచ్చి పూసి అట్టకు అంటిచ్చినా,” అంది. “ముట్టుకుంటే పాడైతాదని మళ్లా విప్పలే.”

మైదా పూసినంత మేరా పురుగు తినేసింది.

పోల్చడానికి ఈరన్న ముద్ర మరొకటి కావాలి. భూమి లేదు, కాబట్టి పట్టా లేదు. ఆధార్ రాకముందే చనిపోయాడు. అధికారులకిచ్చిన ప్రతి ఎక్కడా దొరకలేదు.

“ఆయన కూడా వేశాడని మీ మాటగా రాసిపెడతానమ్మా,” అన్నాను.

“నా మాట ఊర్లో శానా ఏండ్ల నుంచి ఉండాది. ఎవరు నమ్మినారు? ఆయన ఏలు యాడుండాదో చూపించు, సాలు.”

ఒక్కొక్క ముద్రనూ తెరమీద పెద్దది చేయించి, అన్నీ చూసింది.

“అన్నీ కూలోళ్ల ఏళ్లేనప్పా. అన్నీ ఒకే మాదిరి అరిగిపోయినాయి.”

గుడ్డ మడిచి తీసుకుపోయింది. కాగితం వదిలేసింది.

ఇలాంటి కాగితాన్ని, ముద్రలు వేసినవాళ్లు బతికుండగానే నలుగురికీ చూపించి పేర్లు చెప్పించుకోవాలని ఆ రోజు నేర్చుకున్నాను. ఇంటికొక మగవాడు వేసిన ముద్రలవి; ఆ వాడలో వాళ్లెవరూ మిగల్లేదు.

పేరు గడి ఖాళీగా ఉంటే మా సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. ‘తెలియదు’ అని నలభై ఒక్కసార్లు కొట్టాను. ఈరన్న పేరుతో వెతికితే వచ్చే ఫలితాలు: సున్నా.