ఓబులేసు తల్లితో కర్నూలుకు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఒక వేసవిలో మా పెద్దమ్మ నాగమ్మను వెంటబెట్టుకొని అక్కడి ఖజానా కచేరీకి వెళ్లివచ్చాను. ఆమె పెద్దకొడుకు ఓబులేసు పట్టాళంలో చేరి బర్మాలో చనిపోయాడు. అతని పింఛను ఆమెకు వచ్చేది. ఆరు నెలలకొకసారి స్వయంగా వెళ్లి, బతికే ఉన్నానని కనిపించి, వేలిముద్ర వేసి తెచ్చుకోవలసి వచ్చేది. ఎప్పుడూ తీసుకుపోయే చిన్నకొడుకు మద్దిలేటికి కాలు బెణికింది. కడపలో బడిపంతులుగా ఉన్న నాకు సెలవులు గనుక ఆ పని నా మీద పడింది.

బయలుదేరేటప్పుడు మద్దిలేటి నన్ను పక్కకు పిలిచాడు. "సీనన్నా, ఆ దుడ్లు మనియార్డరులో ఇంటికే వచ్చేటట్ల రాయిచ్చి రా. ముసలామె దావలో యాడన్నా పడిపోతే ఏం చేసేది?" అన్నాడు. అతనిది నిజమైన బెంగే. సరేనని దరఖాస్తు రాసి జేబులో పెట్టుకున్నాను.

బనగానపల్లెలో ఏడింటికి రావలసిన బస్సు తొమ్మిది దాటాక కదిలింది. టాపు నిండా మామిడి గంపలు, లోపల నిలబడే చోటు కూడా లేదు. డ్రైవరు దయతలచి పెద్దమ్మకు ముందు సీటు ఇప్పించాడు. బేతంచెర్ల చేరేసరికి నాపరాళ్ల గనుల దుమ్ముతో ఇద్దరి తలలూ ఒకే తీరుగా నెరిసిపోయాయి. స్టేషనులో జొన్నరొట్టెలు విప్పాము. కుండలో నీళ్లు వేడిగా ఉన్నాయి. రైలు మధ్యాహ్నం వచ్చింది.

పెట్టెలో మా ఎదుట ఒక ముసలి సాయిబు కూర్చున్నాడు. జీవితమంతా రైలుకట్టకు కంకర కొట్టి బతికిన మనిషి.

"యాడికి పోతాండావమ్మా ఈ ఎండలో?"

"పింఛనికి. పట్టాళంలో పోయిన కొడుకుది."

"నీ కొడుకు పోయి గూడా నీకు అన్నం పెడతాండాడు. నా కొడుకులు ముగ్గురూ ఉండారు, ముగ్గురికీ కూలే. కంకర కొట్టినోనికి పింఛను ఎవరిస్తారు?"

"ముగ్గురూ ఉండారు గదా సాయిబూ," అంది పెద్దమ్మ. మిగిలిన రొట్టె అతని చేతిలో పెట్టింది. అది తిని డోన్‌లో అతను దిగిపోయాడు.

డోన్‌లో బండి మారి కర్నూలు చేరేటప్పటికి పొద్దు గూకింది. ఊరంతా గుమాస్తాలతో నిండిపోయింది. కచేరీలే డేరాల్లో నడుస్తుంటే మనకు గది ఎక్కడ దొరుకుతుంది? సత్రం వరండాలో చాప పరిచాము. ఆ రోజుల్లో కర్నూలు వెళ్లేవారు చాప తీసుకుపోవలసిందే.

తెల్లవారి పెద్దమ్మ మూటలోంచి ఉతికిన చీర తీసి కట్టుకుంది. కొప్పు ముడిచింది. ఈ ఎండలో ఇదంతా ఎందుకన్నాను. "చావలేదని చూపిచ్చేదానికి పోతాండాం. చచ్చినట్ల పోతే ఎట్ల నాయనా?" అంది.

ఖజానా ముందు రేకుల నీడ కింద ముసలివాళ్లు అప్పటికే కిక్కిరిసి ఉన్నారు. కొందరు గోడకు ఆనుకొని కునుకుతున్నారు. ప్రతి పిలుపుకూ ఉలిక్కిపడి లేచి, తమది కాదని తెలిసి మళ్లీ కూలబడుతున్నారు. చూస్తున్న నాకే నీరసం వచ్చింది. మధ్యాహ్నానికి గుమాస్తా గట్టిగా కేక వేశాడు.

"సిపాయి ఓబులేసు తల్లి నాగమ్మా!"

"ఉండా నాయనా, ఈడనే ఉండా!" అంటూ పెద్దమ్మ నాకంటే ముందే కిటికీ చేరింది.

డబ్బు ముట్టాక నా దరఖాస్తు అందించాను. "మంచిపని చేశారు. ముసలమ్మకు తిరిగే బాధ తప్పుతుంది. వేలిముద్ర వేయించండి," అన్నాడు గుమాస్తా. అదేమిటని పెద్దమ్మ అడిగింది. చెప్పాను. ఆమె పిడికిలి బిగించి చెయ్యి కొంగులో దాచుకుంది. "వద్దు."

బయటికి వచ్చి గోడ నీడన కూలబడ్డాము. రెండు రోజుల అలసట నా నోట్లోంచి వచ్చేసింది. "ఈ ఎండకు దారిలోనే పోతావు పెద్దమ్మా!" అని కసిరాను.

ఆమె కోప్పడలేదు. "మద్దిలేటి చెడ్డోడు కాదు సీనా. దుడ్లు ఇంటికొస్తే వాని చేతికే పోతాయి. ఆకూవక్కకు గూడా వాన్ని అడగల్ల. పింఛను రాకముందు అడిగి అడిగి బతికినా. అందరూ తిన్నంక గంజి తాగినా. ఇప్పుడు కోడలే పిలిచి పెడుతుంది." డబ్బు కొంగున ముడి వేసుకుంది. "ఇంగొకటి. ఇంట్లో ఓబులేసు పేరు ఎత్తితే నేను ఏడుస్తానని ఎవురూ ఎత్తరు. ఈడ పది మందిలో అరిచి పిలుస్తారు. ఓబులేసు తల్లీ అని. అది ఇనేదానికి నడుచుకుంటా అయినా వస్తా."

నేను దరఖాస్తు చించేశాను. ఆమె బజారులో మనవరాలికి గాజులు, కోడలికి నడుంనొప్పి తైలం కొంది. నన్ను చెయ్యి పెట్టనివ్వకుండా ఇద్దరి టిక్కెట్లూ తనే తీసింది.

తిరుగు రైల్లో నిలబడే వచ్చాము. మరునాడు బనగానపల్లెలో మద్దిలేటి కర్ర పట్టుకొని కుంటుతూ బస్సుకు ఎదురొచ్చాడు. "రాయిచ్చినావా అన్నా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పెద్దమ్మ అందుకుంది. "నేనే వద్దంటి. కాళ్లు ఆడినన్నాళ్లు నేనే పోతా."

మద్దిలేటి ముఖం చిన్నబోయింది. "నేను తింటాననుకుంటివా అమ్మా?" అన్నాడు. "లేదు నాయనా. అది నాది, అంతే," అందామె. అతను ఆమె చేతిలోని మూట తీసుకున్నాడు. ఇద్దరూ, ఒకరు కుంటుతూ ఒకరు వంగి, ఊరి దారి పట్టారు.

నేను కడప బస్సు ఎక్కాను. ఒళ్లంతా నొప్పులు, కళ్లల్లో దుమ్ము. ఆ రేకుల కిందికి రాలేని ముసలివాళ్లు, అసలు ఏ కిటికీ నుంచీ పిలుపు లేని ఆ సాయిబు, దారి పొడుగునా గుర్తొచ్చారు. ఇలాంటి ప్రయాణం మళ్లీ చేయాలంటే నాకే భయం వేసింది. అయినా మైదుకూరు దాటేసరికి, ఆరు నెలల తర్వాత సెలవుకు హెడ్మాస్టరుతో ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.