సురత్మిన్ పాముకి కంటి ఆపరేషన్

సురత్మిన్‌కి వద్దు అనడం రాదు. జావా దీవిలోని సోలో ఊళ్ళో ఇదేమంత వింత జబ్బు కాదు. అక్కడ అందరికీ కాస్తో కూస్తో ఉన్నదే. ఎదుటివాడి మొహం చిన్నబోతుందేమోనని "చూద్దాం", "అలాగే", "అల్లా దయ" అంటూ రోజులు వెళ్ళదీస్తారు. కాకపోతే ఈయనకి మరీ ముదిరింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. అన్నేళ్ళూ జనాన్ని ఆపింది గేటే గాని ఆయన కాదు. గేటు వేశాక సైకిళ్ళవాళ్ళకి వంగి వంగి క్షమాపణ చెప్పుకునేవాడు.

ఆయన వద్దనలేక తెచ్చిపెట్టుకున్నవాటితో ఇంట్లో ఒక గది నిండిపోయింది. మూడు కుట్టుమిషన్లు, ఇంట్లో ఎవరికీ వాయించడం రాని ఒక అకార్డియన్, ఒక పాము. పాము పక్కింటాయనది. ఆయనకి సముద్రం అవతల కాలిమంతాన్‌కి బదిలీ అయితే, సామాన్లు లారీకెక్కిస్తూ, "ఒక్క వారం చూసుకుంటారా?" అన్నాడు. అది పదకొండేళ్ళ కిందటి మాట. ఇప్పటికీ సురత్మిన్ భార్య పార్తినా ఆ గది తుడుస్తూ, "వారం ఇంకా అవలేదా బాపక్?" అని అడుగుతూనే ఉంటుంది. అక్కడ మర్యాదకి మగవాళ్ళని బాపక్ అంటారు, ఆడవాళ్ళని బు అంటారు.

పాము కొండచిలువల్లో చిన్న రకం. బారెడు పొడవు, బాగా లావు. చెక్కపెట్టెలో చుట్టచుట్టుకుని పడుకుంటుంది, పది రోజులకో ఎలుకని మింగుతుంది, పలకరిస్తే తల పక్కకి తిప్పుకుంటుంది. ఆ దర్జా చూసి పార్తినాయే దానికి న్యోన్యా అని పేరు పెట్టింది, దొరసాని అన్నమాట. సురత్మిన్‌కి ఆ పామంటే ప్రాణం. ఆయన్ని ఏమీ అడగని జీవి ఇంట్లో అదొక్కటే మరి.

ఈ ఏడు వాళ్ళ వీధి చివర హెందార్తో అనే కుర్ర పశువుల డాక్టరు ఆసుపత్రి తెరిచాడు. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. మనిషి మెత్తన, మాట మరీ మెత్తన. బయట బోర్డు మీద పిల్లి, కోడి, కుందేలు, ఆ పక్కన పాము బొమ్మలు. వీధివాళ్ళ మీటింగులో సురత్మిన్ పక్కన కూర్చుని, "మీ ఇంట్లో పాముందటగా, ఓసారి తీసుకురండి," అన్నాడు మాటవరసకి. సురత్మిన్ అలవాటు చొప్పున "అలాగేనండి" అన్నాడు. అన్నాక వెళ్ళకపోతే బావుండదు. అదృష్టం కొద్దీ న్యోన్యా మెడ దగ్గర ఒక పిడుదు పట్టుకుని ఉంది. ఆ వంకతో దాన్ని సంచిలో వేసుకుని బయల్దేరాడు.

డాక్టరు పాముని బల్ల మీద పెట్టించి, తను గోడ దగ్గర నిలబడి టార్చిలైటు వేశాడు. అక్కణ్ణుంచే చూశాడు. చూసి నిట్టూర్చాడు.

"కళ్ళు చూశారా బాపక్, పాలలా తెల్లబడిపోయాయి. శుక్లాలు."

సురత్మిన్ చూశాడు. తెల్లబడ్డాయి, నిజమే. న్యోన్యా కుబుసం విడిచే ముందు ఏడాదికి నాలుగైదు సార్లు తెల్లబడతాయి, వారంలో తేటపడతాయి. పామును పెంచే ఎవడినడిగినా చెబుతాడు. కానీ ఎదురుగా చదువుకున్నవాడు, తెల్లకోటు, గోడకి అద్దాల పటంలో డిగ్రీ. కొత్తగా పెట్టుకున్న ఆసుపత్రి. పక్కన కుర్చీలో పిల్లిని ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ వింటోంది.

"అలాగాండి," అన్నాడు.

"ఈ చుక్కలు వేయండి. కిందిరెప్ప కాస్త లాగి రెండు చుక్కలు, తర్వాత రెప్పలు మూసి ఒక నిమిషం పట్టుకోవాలి."

పాముకి రెప్పలే ఉండవు. "అలాగేనండి," అన్నాడు సురత్మిన్.

"చేపా అన్నం మెత్తగా కలిపి మూడుపూటలా పెట్టండి. కళ్ళు గోక్కోకుండా ఇది తొడగండి." డాక్టరు పిల్లుల మెడకి తొడిగే ప్లాస్టిక్ గరాటు ఒకటి దూరం నుంచే చెయ్యి చాచి అందించాడు.

పాము దేంతో గోక్కుంటుందన్న ప్రశ్న సురత్మిన్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, గరాటు తీసుకుని వంగి నమస్కారం పెట్టాడు. పిడుదు మాట డాక్టరు ఎత్తనే లేదు. బయట అరుగు మీద కూర్చుని సురత్మినే గోటితో పీకేశాడు.

ఇంట్లో పార్తినా గరాటు తీసుకుని పాముకి తొడిగి చూసింది. అది న్యోన్యా మెడలోంచి జారి, నడుం మీదుగా తోకదాకా వచ్చి కింద పడింది. మళ్ళీ తొడిగితే మళ్ళీ అంతే.

"ఇది కుబుసమని ఆయనకి చెప్పారా?"

"ఆయన చదువుకున్నాడు బు."

"చదువుకున్నది పిల్లుల గురించి. మీరు పదకొండేళ్ళుగా చూస్తున్నది పాముని."

"అంతమందిలో ఎలా చెబుతాం?"

"ఎంతమంది?"

"ఒకావిడ. ఒక పిల్లి."

మూడోరోజు రమ్మన్నాడు కాబట్టి మూడోరోజు వెళ్ళాడు. కళ్ళు ఇంకా తెల్లగానే ఉన్నాయి. డాక్టరు మొహం వాడిపోయింది. మందుకి లొంగలేదంటే ఆపరేషనే శరణ్యమన్నాడు. కంటి మీది పొర పట్టకారుతో లాగేయాలి, శనివారం తీసుకురండి అన్నాడు.

 ఆ పొర లాగితే కన్నే పోతుంది. వద్దని చెప్పాలి. సురత్మిన్ నోరు తెరిచాడు. వద్దు రాలేదు గాని, ఇంకోటి వచ్చింది.

"శనివారం దాని జన్మవారమండీ. శని, వాగె రెండూ కలిసిన రోజు పుట్టింది. ఆ రోజు కత్తి తగలకూడదంటారు."

పాము పుట్టిన రోజేదో పాముకే తెలీదు. కానీ డాక్టరూ సోలోవాడే, మామూలు వారంతో వాగె లాంటి అయిదు సంతరోజుల్నీ కలిపి చూసే లెక్కలు వినకుండా పెరగలేదు. "నిజమే," అన్నాడు వెంటనే. "మా అమ్మ నా జన్మవారం నాడు గోళ్ళు కూడా తీయనివ్వదు." ఇద్దరూ కూర్చుని వేళ్ళ మీద లెక్కలు కట్టారు. సురత్మిన్ చెప్పిన ప్రతి రోజుకీ డాక్టరే ఇంకో దోషం వెతికిపెట్టాడు. చివరికి తొమ్మిది రోజుల తర్వాత ముహూర్తం కుదిరింది. డాక్టరు మొహం ఎందుకో తేటపడింది.

ఇంకో రెండు రోజులకి న్యోన్యా కళ్ళు అద్దాల్లా అయ్యాయి. నాలుగు రోజులు పోయాక కుబుసం మేజోడులా మొత్తం విడిచి, ఎలుకకోసం తల ఎత్తింది. ఇక్కడితో ఊరుకుంటే కథ సుఖంగా ముగిసేది. కానీ డాక్టరు చిన్నబోతాడే అన్న బెంగ సురత్మిన్‌ని తినేసింది. ముహూర్తం రోజున పాముని తీసుకెళ్ళి, నిండు ఆసుపత్రిలో, "మీ చుక్కలు భలే పనిచేశాయండీ," అని చెప్పొచ్చాడు.

ఆ మాట ఊరంతా పాకింది. ఆదివారం పొద్దున కార్లని రానివ్వని పెద్ద రోడ్డు మీద పాములు పెంచేవాళ్ళందరూ మెడలో పాములేసుకుని కలుస్తారు. అక్కడికి రెత్నో వచ్చింది. సురత్మిన్ వీధిలోనే బండి మీద సోయాగింజల టెంపే ముక్కలు వేయించి అమ్ముతుంది. రెండు నెలల కిందటే మొదటి పాముని తెచ్చుకుంది. బొటనవేలంత లావు, లొంతోంగ్ అని దాని పేరు, అరిటాకులో చుట్టి ఉడికించిన అన్నపు చుట్టలా ఉంటుందని.

"బాపక్, మా లొంతోంగ్ కళ్ళు తెల్లబడుతున్నాయి. మీ పాముకి హెందార్తోగారే నయం చేశారటగా?"

వెనకాలే డాక్టరుగారి మేనమామ నిలబడి ఉన్నాడు. సురత్మిన్ గొంతు సవరించుకుని, "మంచి డాక్టరు," అన్నాడు.

గురువారం పొద్దున పార్తినా బజారునుంచి వస్తూనే చెప్పింది, రెత్నో ఇవాళ బండి పెట్టలేదని. "పాముకి ఆపరేషనట. మూడు రోజులు చుక్కలేసినా తగ్గలేదట."

సురత్మిన్ చేతిలోని కాఫీ అక్కడే వదిలేసి సైకిలెక్కాడు. సొంత పాముకైతే జన్మవారాలు లెక్కపెట్టి తప్పించుకున్నాడు. ఈ పిల్ల పాముని కాపాడటానికి ఏ వారమూ మిగల్లేదు. తను ఆడిన రెండు అబద్ధాలే దాన్ని బల్ల మీదకెక్కించాయి. దారి పొడుగునా ఆయనకి సిగ్గేసింది.

ఆసుపత్రిలో లొంతోంగ్ బల్ల మీద ఉంది. రెత్నో రెండు చేతులా పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. డాక్టరు మాస్కు వేసుకుని, పట్టకారు పట్టుకుని, వీలైనంత దూరం నుంచి వంగుతున్నాడు.

"డాక్టరుగారూ, మీకు అభ్యంతరం లేకపోతే," అన్నాడు సురత్మిన్ రొప్పుతూ.

"చెప్పండి బాపక్."

"పెద్ద విషయమేమీ కాదండి. నా అభిప్రాయం కూడా కాదు. ఎవరో అనగా విన్నాను."

"కాస్త వెలుతురుకి అడ్డం వస్తున్నారు బాపక్, పక్కకి జరుగుతారా?"

"అలాగేనండి," అని జరిగాడు.

పట్టకారు కంటికి వేలెడు దూరంలోకి వచ్చింది. 

"వద్దు," అన్నాడు సురత్మిన్.

చివర 'అండి' కూడా తగిలించలేదు. ఆయనకే వింతగా తోచి, ఆ మాట అన్నదెవరా అని పక్కకి చూశాడు. అన్నాక ఇక ఆగలేదు. "దానికి ఏ జబ్బూ లేదు. కుబుసం విడవబోతోంది. పాముకి కంటి మీద కూడా కుబుసమే. ఇప్పుడు లాగితే గుడ్డిదైపోతుంది. నా న్యోన్యాకీ ఇదే, మీ చుక్కల వల్ల కాదు. నాకు మొదటిరోజే తెలుసు."

రెత్నో కళ్ళు తెరిచింది. "మొదటిరోజే తెలుసా? మరి ఆదివారం మంచి డాక్టరన్నారే?"

"అన్నాను. తప్పు నాది."

"నేను మూడు రోజులుగా దానికి చేపా అన్నం కలిపి పెడుతున్నాను బాపక్. తినడం లేదని ఏడుస్తున్నాను."

డాక్టరు పట్టకారు పళ్ళెంలో పెట్టి, కుర్చీలో కూలబడి, మాస్కు తీశాడు. కోపమొస్తుందనుకున్నాడు సురత్మిన్. డాక్టరు మొహం చూస్తే పరీక్ష తప్పించుకున్న పిల్లాడిలా ఉంది.

"నాకు పాములంటే భయం బాపక్. వాటి గురించి ఏమీ తెలీదు. బోర్డు రాసినాయన కుందేలు పక్కన ఖాళీ మిగిలింది, పామొకటి వేస్తానన్నాడు. ముచ్చటపడుతున్నాడు పాపం, ఎలా వద్దంటాం? అలాగేనండి అన్నాను." కళ్ళు తుడుచుకున్నాడు. "మీరు జన్మవారం అన్న రోజు, మీరు వెళ్ళాక లోపలికెళ్ళి అల్లాకి మొక్కుకున్నాను."

"మీ ఇద్దరి మర్యాదలకీ నా లొంతోంగ్ కళ్ళు పోయేవి," అంది రెత్నో. పాముని పెట్టెలో పెట్టుకుని, ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఇంకా నాలుగు మాటలంది. అవి సోలో ఊళ్ళో సాధారణంగా వినబడే మాటలు కావు. ఇద్దరూ తలొంచుకుని బుద్ధిగా విన్నారు. బోర్డు మీది పాము మీదకి ఆ మధ్యాహ్నమే సున్నం ఎక్కింది. నిచ్చెన పట్టుకున్నది సురత్మినే.

భోజనాల దగ్గర జరిగిందంతా పార్తినాకి చెప్పాడు. ఆమె రెండుసార్లు చెప్పించుకుంది. "మొహమ్మీదే వద్దన్నారా? డాక్టర్ని?" అంది. తర్వాత అన్నం కెలికింది. 

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి," అంది చివరికి. "మన పెళ్ళప్పుడు మీకు వద్దనడం వచ్చుంటే, ఏమనేవారు?"

సురత్మిన్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం, ఇన్నేళ్ళూ ఈమె మనసులో ఇదా ఉన్నది అనుకున్నాడు.

"నన్నెవరు అడిగారు బు?" అన్నాడు. "మీ ఇంటికొచ్చి అడిగింది నేను. అలాగేనండి అన్నది మీ నాన్న."

పార్తినా ఆయన మొహంలోకి చూసింది. ఆలోచించింది. ఆయన చెప్పేది నిజమే, వాళ్ళ నాన్న కూడా సోలోవాడే. చేత్తో నోరు మూసుకున్నా ఆమెకి నవ్వాగలేదు. నవ్వుతూనే గరిటె తీసి ఆయన కంచంలో ఇంకో టెంపే ముక్క వేయబోయింది.

"వద్దు," అన్నాడు సురత్మిన్.

ఆమె రెండు వేసింది.