ఆలుచిప్ప కాలు

మొన్న మా వీధిలో నీళ్ల సంపు కడుగుతుంటే లేచిన బురద వాసనకు కృష్ణగిరి డ్యాము గుర్తొచ్చింది. డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం, గొర్రెలకు నీళ్లు తాపడానికి పోతూ మా అవ్వ నన్నూ వెంట తీసుకుపోయింది. నాకప్పుడు ఏడేళ్లు. నీళ్లు బాగా వెనక్కి పోయి అడుగు బురద బయటపడింది. దాని మీద వేలితో గీసినట్టు పొడుగాటి గీత ఒకటి ఉంది. పాము జాడేమోనని భయపడుతూనే దాని వెంట నడిచాను. గీత చివర ఒక ఆలుచిప్ప నిలువుగా దిగబడి ఉంది.

మా చంటి తమ్ముడికి అమ్మ పాలు పట్టేది అలాంటి చిప్పతోనే. అవి ప్రాణం లేని గులకరాళ్లలాంటివని అనుకునేదాన్ని. పెరికి అరచేతిలో పెట్టుకున్నాను. కాసేపటికి చిప్ప కొంచెం తెరుచుకుని, తెల్లగా, మెత్తగా ఏదో బయటికి వచ్చి నా చేతిని తడిమింది. చిప్పను విసిరేశాను.

"అవ్వా, దీనికి నాలిక ఉంది."

"నాలిక కాదమ్మా, కాలు. నీళ్లు యాడుంటే ఆడికి దాంతోనే ఈడ్చుకుంటా పోతాది."

"మరి తమ్ముని చిప్పలో ఉండింది ఏమైపాయ?"

"చచ్చిపాయ. అది చచ్చినాకే కదా చిప్ప మనకొచ్చేది."

అవ్వ నేను విసిరేసిన చిప్పను తీసుకుని మోకాలిలోతు నీళ్లలోకి పోయి వదిలింది. నేను ఒడ్డునే నిలబడి చుట్టూ చూశాను. బురద నిండా అలాంటి గీతలే. ఒక్కటీ నీళ్ల దాకా చేరలేదు. నీళ్లు ఆ ఆలుచిప్పల కంటే వేగంగా వెనక్కి పోయాయని పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు.